డిస్కే లేదన్న లాప్‌టాప్‌లో లినక్స్ మింట్: నా అనుభవం

మా చిన్నాయన లాప్‌టాప్ నిన్న రాత్రితో ఒక దారిన పడింది. ఆ ఊపు మీదే రాసేస్తున్నా. లినక్స్ వేయబోతే డిస్కే కనబడని ఇదే తంటా పడుతున్నవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉంటారు, నెల్లూరు ట్రంకు రోడ్డులో కొత్త లాప్‌టాప్ బిల్లు కట్టకముందే ఇది చదవాలి.

మిషన్ 2017లో కొన్నది. ఏడో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే రకం డిస్కు). విడవలూరు దగ్గర రొయ్యల గుంటల లెక్కలు, మేత ఏజెన్సీకి ట్యాలీ, కరెంటాఫీసుకూ బ్యాంకుకూ తెలుగులో పెట్టే అర్జీలు, ఇంతే దాని పని. విండోస్ 10కి 14 అక్టోబరు 2025తో ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచే తీసుకుంటుంది. ఈ మిషన్‌లో టీపీఎం 2.0 ఉంది, ప్రాసెసర్ దగ్గర తేలిపోయింది. రూఫస్‌తో (ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ఆ చెకింగ్ తీసేసి విండోస్ 11 ఎక్కించే దారి ఉంది. కానీ అట్లా ఎక్కించిన మిషన్‌కి అప్‌డేట్లు వస్తాయన్న పూచీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. డబ్బు లెక్కలుండే మిషన్ మీద ఆ ప్రయోగం వద్దన్నది నా గట్టి అభిప్రాయం.

షాపులో చూపిస్తే మొదట చెప్పిన మాట ‘ఏఐ లాప్‌టాప్ తీసుకోండన్నా’. ఆ ఏఐ లాప్‌టాప్‌కి మైక్రోసాఫ్ట్ వాళ్ల కోపైలట్ ప్లస్ అని పేరు పెట్టాలంటే సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ (ఏఐ పనులకే పెట్టిన చిప్పు), 16 జీబీ ర్యామ్ ఉండాలి. మంచి ఇంజినీరింగే, కాదనను. రేపు మన తెలుగు మాటను నెట్ లేకుండా లాప్‌టాప్‌లోనే రాసిపెట్టే రోజొస్తే ముందు కొనేది నేనే. కానీ యాభై కౌంటు రొయ్య ఏ రేటుకు పోయింది, మేత బస్తాలు ఎన్ని దిగాయి అని రాసుకోవడానికి అదంతా దేనికి? పైగా ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అమ్మే మైక్రాన్ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించింది. చేతిలో ఉన్న 8 జీబీని పాత సామాన్లవాడికి ఇచ్చేసే కాలం కాదిది.

ట్యాలీ కోసం విండోస్ ఉంచాలి, మిగతా పనులకు పక్కన లినక్స్ మింట్ (విండోస్ లాంటిదే, ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేయాలి. 22వ వరుస మింట్, సినమన్ ఎడిషన్. 4 జీబీ ర్యామే ఉంటే ఇంకా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. పెన్‌డ్రైవ్ 8 జీబీది చాలు. రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ జీపీటీ, టార్గెట్ యూఈఎఫ్‌ఐ ఎంచుకోవాలి. దిగిన మింట్ ఫైల్‌కి షా256 (ఫైల్ చెడలేదని తేల్చే గుర్తు) సరిచూసుకోండి, మన పల్లె నెట్‌లో 3 జీబీ ఫైల్ సగంలో చెడిపోవడం మామూలే.

విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌కి పోయి సీ డ్రైవ్ కుదించాలి. 70 జీబీ అంటే 71680 ఎంబీ అని కొట్టాలి. మొదట అది అయిదారు జీబీ కంటే ఎక్కువ ఇవ్వనంటుంది. ఖాళీ లేక కాదు, విండోస్ తన అవసరాలకు పెట్టుకున్న హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, రిస్టోర్ పాయింట్లు డిస్కు చివర్లో కదలకుండా కూర్చుని ఉంటాయి. హైబర్నేషన్, సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపి, పేజ్ ఫైల్ తీసేసి, రీస్టార్ట్ చేసి అడిగితే ఇస్తుంది. కుదించాక పేజ్ ఫైల్, ప్రొటెక్షన్ మళ్లీ పెట్టేయండి. హైబర్నేషన్‌తో పాటే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, పోనివ్వండి. అది ఉన్నంతకాలం విండోస్ పూర్తిగా ఆగదు, మింట్ నుంచి ఆ డ్రైవ్ తెరిస్తే చదవనిస్తుందే గానీ రాయనివ్వదు.

పెన్‌డ్రైవ్ నుంచి మింట్ లేచింది. వైఫై, సౌండు, టచ్‌ప్యాడ్ అన్నీ పలికాయి. ఇన్‌స్టాల్ నొక్కితే డిస్కుల జాబితాలో పెన్‌డ్రైవ్ ఒక్కటే! డిస్క్స్ యాప్ తెరిచినా అంతే. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ అసలు లేనే లేదు. పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేస్తే అదే ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ నిక్షేపంగా లేస్తుంది. మళ్లీ పెన్‌డ్రైవ్ పెడితే మాయం.

చిన్నాయన దాన్ని ఆ షాపుకే పట్టుకుపోదామన్నాడు. కౌంటర్ మీద కుర్రాడు పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, స్క్రీన్ పక్కన నిలబడ్డవాళ్ల వైపు తిప్పి, ‘ఎస్‌ఎస్‌డీ పోయింది పెద్దాయనా, డేటా కూడా పోద్ది, దీని మీద డబ్బులు పెట్టడం దండగ’ అన్నాడు. పోయిన డిస్కు మీద విండోస్ ఎట్టా లేస్తోందబ్బాయ్ అని అడిగితే, ‘లినక్స్ గినక్స్ మనకెందుకన్నా, అదంతా కాలేజీ పిల్లలకి’ అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. అరవై దాటిన మనిషి, ఎకరాల గుంటలు నడిపే మనిషి, లాప్‌టాప్ సంచి చంకన పెట్టుకుని మారు మాట్లాడకుండా బయటికొచ్చాడు. నాకు ఇప్పటికీ మండుతోంది. తెలియకపోతే తెలియదనాలి. బాగున్న డిస్కు పోయిందని చెప్పి కొత్తది అంటగట్టడం పని కాదు. లాప్‌టాప్ కంపెనీ కస్టమర్ కేర్ వాళ్లైతే బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మిషన్ సెట్టింగులు) మార్పులు తమ పరిధిలోకి రావని రెండు ముక్కల్లో తేల్చి ఫోన్ పెట్టేశారు. మిషన్‌ని అట్లా సెట్ చేసి అమ్మింది వాళ్లే!

అసలు సంగతి ఇది. ఆ కాలపు చాలా లాప్‌టాప్‌లను కంపెనీలు ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మోడ్‌లో పెట్టి పంపాయి. డిస్కు వేగం పెంచే ఆప్టేన్ అనే క్యాష్ మెమొరీ కోసం పెట్టిన ఏర్పాటది. ఆప్టేన్ వ్యాపారాన్ని ఇంటెల్ 2022లోనే మూసేస్తున్నట్టు చెప్పింది, మోడ్ మాత్రం మన మిషన్లలో మిగిలిపోయింది. ఆ మోడ్‌లో ఎన్‌వీఎంఈ డిస్కు నేరుగా కనబడదు, సాటా కంట్రోలర్ (మామూలు డిస్కులను మిషన్‌కి కలిపే భాగం) చాటున దాక్కుంటుంది. విండోస్ దగ్గర దానికి ఇంటెల్ డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) ఉంది కాబట్టి చూడగలదు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు అక్కడ ఒకటి దాగి ఉందని మాత్రం తెలుసు. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) కెర్నల్ సందేశాలు తీసి ఎన్‌వీఎంఈ అని వెతికితే, ‘రీమ్యాప్ అయిన ఎన్‌వీఎంఈ ఒకటి ఉంది, బయోస్‌లో రెయిడ్ తీసి ఏహెచ్‌సీఐ పెట్టు’ అన్న అర్థంతో ఒక లైను కనిపించింది. రెయిడ్ అంటే ఇక్కడ ఈ ఆర్‌ఎస్‌టీ మోడే, ఏహెచ్‌సీఐ అంటే డిస్కును నేరుగా చూపించే మామూలు మోడ్. వ్యాధి పేరు, మందు పేరు రెండూ ఆ ఒక్క లైనులోనే ఉన్నాయి. షాపుల్లో ఎవరూ దాన్ని తెరిచి చూడరు.

సరే అని బయోస్‌లోకి పోతే సాటా మోడ్ అన్న మాటే లేదు. ఎఫ్2 కొట్టి ప్రతి ట్యాబూ తిరగేసినా లేదు. ఈ కంపెనీ చాలా మోడళ్లలో దాన్ని దాచేసింది. మెయిన్ ట్యాబ్‌లో ఉండి కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కితే, అప్పటిదాకా ఖాళీగా ఉన్న చోట ‘సాటా మోడ్: ఆర్‌ఎస్‌టీ ప్రీమియం విత్ ఆప్టేన్’ అని కొత్త లైను మొలిచింది. మీ మిషన్‌లో ఆ మీటలు పలకకపోతే అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టోరేజ్ కిందో, సిస్టమ్ కాన్ఫిగరేషన్ కిందో వెతకండి.

ఆగండి, చూడగానే మార్చొద్దు. విండోస్ ఉంచుకోవాలనుకునేవాళ్లకు ప్రాణం ఇక్కడే ఉంది. విండోస్ లేచేటప్పుడు తనకు అవసరమని రాసి ఉన్న డిస్కు డ్రైవర్‌నే ఎత్తుకుంటుంది. ఉన్నట్టుండి ఏహెచ్‌సీఐ చేస్తే ఇంటెల్ డ్రైవర్‌కి డిస్కు కనబడదు, మామూలు డ్రైవర్‌ని ఎవరూ లేపలేదు, నీలి తెర మీద ‘ఇనాక్సెసబుల్ బూట్ డివైస్’ అని పడుతుంది. అది చూసి ఫార్మాట్ కొట్టినవాళ్లు ఊరికొకరు ఉంటారు. సేఫ్ మోడ్‌లో అయితే విండోస్ తన దగ్గరున్న మామూలు డ్రైవర్లన్నీ లేపుతుంది, కొత్త మోడ్‌కి తగ్గది పట్టుకుని గుర్తు పెట్టుకుంటుంది. అందుకే వరస తప్పకూడదు.

ఒకటి, ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కులోని డేటాకు వేసే తాళం. హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో చూసి, ఆన్‌లో ఉంటే ఆపేయండి, తాళం పూర్తిగా విప్పేదాకా ఆగండి. ఆపకుండా బయోస్ ముడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఆ ఖాతా ఏ నంబరు మీద తెరిచారో తెలియకపోతే ఫోటోలు, లెక్కలు అన్నీ లోపలే ఉండిపోతాయి. చిన్నాయన మిషన్‌లో ఆ ఖాతా తెరిచింది ఎప్పుడో మానేసిన గుమస్తా. ముందే తాళం విప్పాం కాబట్టి సరిపోయింది.

రెండు, ఆప్టేన్ చిప్పు నిజంగా ఉండి హార్డ్ డిస్కుతో జతకట్టి ఉంటే, ఇంటెల్ యాప్‌లో ముందు దాన్ని డిజేబుల్ చేయాలి. జత విడదీయకుండా మోడ్ మారిస్తే డేటా పాడవుతుంది. మా మిషన్‌లో చిప్పు లేదు, మోడ్ మాత్రమే ఉంది.

ఆ తర్వాత ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ టిక్ పెట్టి రీస్టార్ట్. విండోస్ లేవకముందే బయోస్‌లోకి పోయి ఏహెచ్‌సీఐ పెట్టి సేవ్. సేఫ్ మోడ్‌లో విండోస్ లేస్తుంది. అక్కడ పిన్ తీసుకోకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ కావాలి, ముందే కాగితం మీద రాసుకోండి. లోపలికి వెళ్లాక ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్. మామూలుగా లేచిందా, గెలిచినట్టే. ఛార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ కూడా నిండుగా ఉండాలి. మాకు కరెంటు మధ్యలో ఒకసారి పోయింది, బ్యాటరీ కాపాడింది.

ఈసారి పెన్‌డ్రైవ్ పెడితే ఎస్‌ఎస్‌డీ పేరుతో సహా జాబితాలో నిలబడింది. పోయిందన్న డిస్కు! దాని ఆరోగ్యం కూడా డిస్క్స్ యాప్‌లోనే చూపించా చిన్నాయనకు, ఒక్క లోపం లేదు. ఆ షాపు గురించి ఈ పాటికి గుంటల మీద అందరికీ చెప్పేసి ఉంటాడు, చెప్పనివ్వండి.

తర్వాతదంతా నల్లేరు మీద నడకే. విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయమని ఎంచుకుంటే ఖాళీ చేసిన 70 జీబీలో కూర్చుంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే కాపలా) ఆపనక్కర్లేదు. పాటలు, వీడియోలు ఆడించే మల్టీమీడియా కోడెక్‌లు వేయమని టిక్ పెడితే మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. మొదటి రీస్టార్ట్‌లో ‘మోక్ మేనేజ్‌మెంట్’ అని నీలి తెర వస్తుంది, వెంటనే ఏదో ఒక మీట నొక్కి ‘ఎన్‌రోల్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డే ఇవ్వాలి. చూస్తూ ఊరుకుంటే వెళ్లిపోతుంది, విడిగా వేసే డ్రైవర్లు ఆ తర్వాత మొరాయిస్తాయి. ఆన్ చేయగానే నేరుగా విండోసే లేస్తుంటే, బయోస్‌లో బూట్ వరసలో ఉబుంటు అన్న పేరును పైకి జరపండి. మింట్ అదే పేరుతో నమోదవుతుంది.

తెలుగు టైపింగ్ గురించి కాస్త చెప్పాలి. ఇన్‌పుట్ మెథడ్‌లో ఐబస్ ఎంచుకుని, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, లాగౌట్ అయి వస్తే తెలుగులో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు వస్తాయి. డీటీపీ చేసిన చేతులకు ఆపిల్, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్. అక్షరాల అందానికి మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, అర్జీకి మండలి నిండుగా ఉంటుంది. పాత అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అతికించినవి. కన్వర్టర్‌లో వేసి మార్చుకుని, ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

ఇంకో చిక్కు గడియారం. మింట్‌లో పని చేసి విండోస్‌కి పోతే టైం అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. మింట్ మిషన్ గడియారంలో గ్రీనిచ్ టైం రాస్తుంది, విండోస్ దాన్నే మన టైం అనుకుంటుంది. తెల్లవారుజామున ట్యాలీ తెరిస్తే ముందురోజు తేదీ పడుతుంది. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ (timedatectl) ఆదేశంతో సెట్-లోకల్-ఆర్‌టీసీని (set-local-rtc) 1 చేస్తే తీరిపోతుంది.

ప్రింటర్ల విషయంలో కొనేముందు ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, ఉంటే మింట్‌కు డ్రైవర్ గొడవ లేదు. జెరాక్స్ షాపుల్లో కనిపించే పాత చిన్న లేజర్లలో కొన్ని సొంత భాషలోనే మాట్లాడతాయి, వాటితో కుస్తీ పడకుండా పీడీఎఫ్ చేసి విండోస్ నుంచి తీసుకోవడం మేలు.

విండోస్ వైపు వదిలేయకండి. విండోస్ 10కి ఈఎస్‌యూ పేరుతో 13 అక్టోబరు 2026 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తున్నారు, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు ఉంటుంది. చిన్నాయన ట్యాలీకి తప్ప ఆ వైపు పోడు. బ్యాంకు, జీఎస్‌టీ, మెయిలు అన్నీ మింట్‌లోనే, దానికి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లున్నాయి.