హీరోయిన్ రేటు ఒకసారి తగ్గితే

హీరోయిన్ రేటు ఎక్కడా బోర్డు మీద రాసి ఉండదు. కొత్త సినిమాకు అడిగేముందు ప్రొడక్షన్ మేనేజర్ పాత సినిమా ఆఫీసుకు ఫోన్ చేసి "ఆ అమ్మాయికి ఎంతిచ్చారు?" అని కనుక్కుంటాడు. అక్కడ వినబడ్డ అంకె దగ్గరే బేరం మొదలు. "పెద్ద బ్యానర్, ఈ ఒక్కసారికి సర్దుకోండమ్మా" అన్నది ఒక్కసారితో ఆగదు మరి.

ఊరికే ఒక లెక్క వేద్దాం. 50 లక్షలకు 40 కాల్షీట్లు (షూటింగ్ రోజులు) అంటే రోజుకు 1.25 లక్షలు. అదే నటి 30 లక్షలకు ఒప్పుకుని 60 రోజులిస్తే రోజుకు 50 వేలే. పైకి తగ్గింది 40 శాతం, రోజు లెక్కన పోయింది 60 శాతం. ఎక్కువిచ్చిన ఆ 20 రోజుల వల్ల చేజారే ఇంకో సినిమా సంగతి ఎవరూ లెక్కలో వేయరు.

ఆ 30 లక్షలు "జీఎస్టీతో కలిపి" అని అగ్రిమెంటులో ఉందా, ఇక అంతే. 18 శాతం చొప్పున 4.58 లక్షలు పన్నుకే పోయి 25.42 మిగులుతుంది. అందులో టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) 10 శాతం, మేనేజరుకు ఇంకో 10 అనుకుంటే చేతికొచ్చేది 20 లక్షల చిల్లర. టీడీఎస్ రిటర్నులో సర్దుబాటవుతుంది, కమీషన్ కాదు. టచప్ మనిషి, హెయిర్ డ్రెస్సర్ బాటాలు (రోజు భత్యాలు) ఎవరివ్వాలో రాయించకపోతే అవీ ఆమె నెత్తినే.

కథ నచ్చి తగ్గాలనుకుంటే రోజులు తగ్గించాలి, రేటు కాదు. 30 లక్షలకు 25 రోజులిస్తే రోజు రేటు 1.2 లక్షల దగ్గరే నిలబడుతుంది. లేదా అగ్రిమెంటులో 50 అనే రాయించి, 20 లక్షలు ఓటీటీ హక్కులు అమ్ముడయ్యాక తీసుకోవచ్చు, తేదీ మాత్రం వేయించాలి. చివరి విడత డబ్బింగప్పుడు అడగొచ్చులే అనుకోవడం సొంత గొంతు చెప్పుకునేవాళ్లకే చెల్లుతుంది. వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పే నటి ఆఖరి షెడ్యూలుకు ముందే వసూలు చేసుకోవాలి.

ప్యాచ్‌వర్క్ (షూటింగ్ అయ్యాక కొన్ని సీన్లు మళ్లీ తీయడం) విషయంలో హాలీవుడ్‌లోనూ ఇదే గోల. 2017లో 'ఆల్ ద మనీ ఇన్ ద వరల్డ్' రీషూట్లకు నటుడు మార్క్ వాల్‌బర్గ్‌కు 15 లక్షల డాలర్లు ముట్టాయి. అదే సినిమా నటి మిషెల్ విలియమ్స్‌కు దక్కింది రోజుకు 80 డాలర్ల బాటా, అంతా కలిపి వెయ్యి డాలర్లు కూడా లేదు. ఆమె ఒప్పందంలో రీషూట్లు కలిసే ఉన్నాయట, అతని ఒప్పందంలో లేవు. ఇద్దరికీ ఏజెన్సీ ఒకటే! "ప్యాచ్‌వర్కుకు రెండు రోజులు, ఆపైన రోజు రేటు" అన్న ఒక్క వాక్యం సంతకానికి ముందే రాయించుకోవాలి.