రాని పుస్తకానికి డబ్బు కట్టాలా వద్దా: నా ముప్పై రోజుల తర్జనభర్జన

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించే రోల్‌ప్లేయింగ్ ఆట మాది. అందులో గేమ్ మాస్టర్ నేనే. కథ నడిపేది నేను, రాక్షసుల తరఫున పాచికలు వేసేది నేను, ఆటగాళ్లు ఎవరూ ఊహించని తలుపు తెరిస్తే దాని వెనక ఏముందో అప్పటికప్పుడు చెప్పాల్సిందీ నేనే. అందుకే తయారుగా దొరికే అడ్వెంచర్ పుస్తకాలంటే నాకు బలహీనత. ఎవరో నెలల తరబడి కూర్చుని అల్లిన చిక్కుముళ్లు, మ్యాపులు, పాత్రలు ఒక్కసారిగా చేతికి వచ్చేస్తాయి మరి.

ఈసారి కంటబడింది ఇంకా విడుదల కాని అడ్వెంచర్. ఇంకా తయారుకాని వాటికి జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో ముప్పై రోజుల క్యాంపెయిన్. (మేం నెలల తరబడి ఆడే కథనూ క్యాంపెయిన్ అనే అంటాం, డబ్బు పోగుచేయడాన్నీ క్యాంపెయిన్ అనే అంటారు. రెండింటికీ మధ్యలో ఆగిపోయే జబ్బు ఉంది.) సముద్రంలో సగం మునిగిన ఒక దీపస్తంభం, దాని కింద ఏవో మెట్లు. ముఖచిత్రం చూడగానే మనసు పారేసుకున్నాను. మొదటి రోజే చేరినవాళ్లకు ధర తగ్గిస్తాం అన్నారు. ఇంకేం, హార్డ్‌కవర్, పీడీఎఫ్ రెండూ ఇచ్చే ప్లెడ్జ్ (ఇంత డబ్బు కడతానన్న మాట) నొక్కేశాను.

నొక్కాక పాత దెబ్బ గుర్తొచ్చింది. కొన్నేళ్ల క్రితం వేరే వాళ్ల పెద్ద బాక్స్ సెట్‌కు ఇలాగే డబ్బు కట్టాను. పీడీఎఫ్ వచ్చింది, పెట్టె రాలేదు. మొదట్లో నెలనెలా కబుర్లు పంపారు. తర్వాత రెండు నెలలకోసారి, ఆ తర్వాత ఒక పొడుగాటి క్షమాపణ, ఆపైన మౌనం. డబ్బు పోయిందన్న బాధ కొన్నాళ్లకు పోయింది. మా వాళ్లకు ముందే ఊరించి చెప్పడం, వాళ్లు ఆ కథ కోసం పాత్రలు కూడా తయారుచేసుకుని కూర్చోవడం మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఒక ఊరట ఏమిటంటే, కిక్‌స్టార్టర్‌లో నొక్కగానే డబ్బు పోదు. గడువు ముగిసేసరికి వాళ్లు అనుకున్న మొత్తం చేరితేనే కార్డు నుంచి తీసుకుంటారు, చేరకపోతే ఎవరి డబ్బు వాళ్లదే. ఈలోగా ప్లెడ్జ్ రద్దు చేసుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చివరి 24 గంటల్లో మాత్రం ఒక మెలిక ఉంది: మనం తప్పుకుంటే మొత్తం లక్ష్యం కంటే కిందికి పడిపోయేలా ఉంటే తప్పుకోనివ్వరు. అంటే నేను మొదటిరోజు చేసింది కొనడం కాదు, చోటు ఆపుకోవడం. ఆలోచించుకోవడానికి ఇరవై తొమ్మిది రోజులున్నాయి.

ముందు అసలు ప్రమాదం ఎంతో తెలుసుకుందామని కూర్చున్నాను. వార్టన్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ ఈథన్ మోలిక్ 2015లో దాదాపు 47 వేల మంది కిక్‌స్టార్టర్ బ్యాకర్లను, అంటే నాలా డబ్బు కట్టినవాళ్లను, అడిగి ఒక సర్వే చేశారు. చెప్పింది ఇవ్వలేకపోయిన ప్రాజెక్టులు 9 శాతమని తేలింది. నేను భయపడినంత లేదు. ఆలస్యం సంగతి వేరు. అంతకుముందు ఆయనే డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టులను పరిశీలిస్తే నాలుగింట మూడొంతులకు పైగా చెప్పిన సమయానికి అందలేదు. పుస్తకం రాదేమో అన్న టెన్షన్ కాస్త తగ్గి, ఎప్పుడొస్తుందో అన్నది మొదలైంది.

ఇక వాళ్ల పేజీని మళ్లీ చదివాను, ఈసారి బొమ్మలు చూడకుండా. లక్ష్యం దాటితే అదనంగా ఇస్తామన్న స్ట్రెచ్ గోల్స్ చాంతాడంత ఉన్నాయి: ఇంకో అధ్యాయం, గుడ్డ మీద అచ్చేసిన మ్యాపు, ప్రత్యేకమైన పాచికలు, నేపథ్య సంగీతం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నా అనుభవంలో పుస్తకాన్ని ఆలస్యం చేసేవి ఇలాంటివే. రాసేవాళ్లు రాయడం మానేసి పాచికలు పోతపోసేవాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

నచ్చిన విషయం, వీళ్లు కొత్త నియమాలు కనిపెట్టే పని పెట్టుకోలేదు. ఇలాంటి ఆటల్లో ఒకటైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో చెబితే చాలు, వాటి మీద ఎవరైనా పుస్తకం రాసి అమ్ముకోవచ్చు. వీళ్లదీ ఆ దారే. మా వాళ్లకు ఆ నియమాలు కంఠతా వచ్చు. కాబట్టి చూడాల్సింది కథ ఒక్కటే.

కథను చదివి తేల్చలేం, ఆడి చూడాలి. పన్నెండు పేజీల నమూనా ఉచితంగా పెట్టారు. ముగ్గురు మిత్రులను పిలిచి, ఇది దేనికో చెప్పకుండా ఆడించాను. మొదటి గంట చిరాకే. ఆటగాళ్లకు చదివి వినిపించమని ఇచ్చిన వర్ణన ఏకబిగిన పద్నాలుగు లైన్లు. ఏడో లైనుకే ఒకతను పాచికను బొంగరంలా తిప్పుతున్నాడు. ఆ తర్వాత అసలు తప్పు బయటపడింది. కిందికి వెళ్లే దారి ఎక్కడుందో ఒక డైరీలో ఉంటుంది. ఆ డైరీ దొరకాలంటే ఇరవై ముఖాల పాచికతో కనీసం 15 తెచ్చుకోవాలి. ముగ్గురూ వెతికారు: 4, 7, 11. అంతే, కథకు ముందుకు దారి లేదు. కీలకమైన ఆధారాన్ని ఒకే ఒక్క పాచికకు కట్టేయకూడదని ఈ ఆటలో కాస్త అనుభవం ఉన్న ఎవరైనా చెబుతారు. డైరీ పేజీ ఒకటి నీళ్ల మీద తేలుతూ వచ్చిందని కల్పించి ఎలాగో గట్టెక్కించాను. లోలోపల మాత్రం ప్లెడ్జ్ రద్దు చేసేసుకున్నాను.

అప్పుడు ఆటుపోట్ల నియమం వచ్చింది. ఆరు ముఖాల పాచికను 6 పైకి ఉండేలా బల్ల మధ్యలో పెట్టాలి. ఆటగాళ్లు ఒక గది వెతికిన ప్రతిసారీ ఒక అంకె తగ్గించాలి. 1 కూడా దాటితే ఆ అంతస్తు నీళ్లలోకి పోతుంది, అందులో వదిలేసినవన్నీ పోతాయి. ఇంతే, మూడు లైన్ల నియమం. పాచిక 3కి దిగేసరికి ముగ్గురూ కుర్చీల్లో ముందుకు జరిగారు. ఇంకో గది వెతుకుదామని ఒకరు, దొరికింది చాలు పైకి పోదామని ఇంకొకరు. ఇందాక బొంగరం తిప్పినతను ఆ పాచిక మీంచి కళ్లు తీయలేదు. నేను నోరు మెదపాల్సిన పనే లేకపోయింది. ఇన్నేళ్లుగా ఆడిస్తున్నా అంత బిగువు ఎప్పుడో గానీ తేలేకపోయాను.

ఆ రాత్రి లెక్క మారిపోయింది. పొడుగు వర్ణనను నేను కుదించుకోగలను. దొరకని డైరీకి ఇంకో రెండు దారులు పెట్టుకోగలను. అలాంటి నియమం మాత్రం నా బుర్రలో పుట్టదు. కట్టే డబ్బు దానికి.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. తయారీదారులకు రాశాను: రచన పూర్తయిందా, రాస్తూ ఉన్నారా? మర్నాడే జవాబు. రచన అయిపోయింది, ఎడిటింగ్ నడుస్తోంది, బొమ్మలు మూడో వంతు అయ్యాయి. వాళ్ల గత ప్రాజెక్టు పాత అప్‌డేట్లన్నీ ఓపికగా చదివాను. పుస్తకం ఎనిమిది నెలలు ఆలస్యమైంది గానీ ఒక్క నెల కూడా కబురు మానలేదు. ఎందుకు ఆలస్యమైందో ప్రతిసారీ రాశారు, ఒకసారైతే తప్పు మాదేనని కూడా. నాకది చాలు. డైరీ సంగతి కూడా మొహమాటపడకుండా రాసి పంపాను. "చూస్తాం" అన్నారు.

హార్డ్‌కవర్ దగ్గర మాత్రం చేయి వెనక్కి లాగింది. షిప్పింగ్ ఖర్చు ఇప్పుడు కాదు, పుస్తకం అచ్చయ్యాక వేరుగా వసూలు చేస్తారట. ఎంతో చెప్పలేదు, సుంకాలూ మనవే. నీళ్లలో గేదెను పెట్టి బేరమాడమంటే నావల్ల కాదు. పైగా ఆడించేటప్పుడు నేను వాడేది పీడీఎఫే: కావలసిన పేజీలు ప్రింటు తీసి, పెన్సిల్‌తో గీకి, మరకలు చేసి పారేస్తాను. అందమైన పుస్తకం మీద ఆ పని చేయడానికి చేతులు రావు.

గడువు ఇంకా 48 గంటలుందని గుర్తుచేస్తూ మెయిల్ వచ్చింది. పీడీఎఫ్ మాత్రమే ఇచ్చే ప్లెడ్జ్‌కు మారిపోయాను. మొదటి రోజు తగ్గింపు చేజారింది. ముఖచిత్రం చూసి కాసేపు దిగులేసింది కూడా. రెండు రోజులకు కార్డు నుంచి డబ్బు కట్ అయింది. వాళ్లు చెప్పిన నెలకు ఇంకో ఎనిమిది నెలలు కలిపి క్యాలెండర్‌లో రాసుకున్నాను.

మెట్ల కింద ఏముందని ఆ ముగ్గురూ అడుగుతూనే ఉన్నారు. నాకూ తెలియదంటే నమ్మరు. ఈలోగా వేరే కథ మొదలుపెట్టాం, ఎడారిలో. అందులో నీళ్లు పెట్టడానికి వీల్లేదు కాబట్టి ఇసుక తుఫాను పెట్టాను. బల్ల మధ్యలో పాచిక, 6 పైకి.