హొనియారాలో కాంక్రీటు కోర్టు

బ్రిస్బేన్‌లో మేం పదిమంది తెలుగువాళ్లం శనివారం సాయంత్రాలు ఇండోర్ కోర్టు అద్దెకు తీసుకుని ఫుట్సాల్, అంటే జట్టుకు ఐదుగురితో ఆడే చిన్న ఫుట్‌బాల్, ఆడుకుంటాం. ఒక శనివారం పక్క కోర్టులో జట్టు తక్కువై, అక్కడున్న కుర్రాళ్లు మాతో ఆడతామన్నారు. పావుగంటలో మాకు ఎనిమిది గోల్స్ పెట్టారు. బంతిని అరికాలి కింద పెట్టుకుని, చపాతీ పిండిలా అటూ ఇటూ దొర్లిస్తూ, మా ఇద్దరి మధ్యలోంచి దూరిపోయేవాళ్లు. ఆట అయ్యాక ఏ ఊరని అడిగితే సోలమన్ దీవులు అన్నారు. వాళ్లలో ఒకడితో స్నేహం కుదిరింది. "బ్రో, మా ఆట చూడాలంటే మా ఊరు రావాలి" అనేవాడు. జులై 7 వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవం, 1978 నాటిది. ఆ సెలవులకు అతను ఊరెళ్తుంటే నేనూ టికెట్ తీసుకున్నాను.

బ్రిస్బేన్ నుంచి వాళ్ల రాజధాని హొనియారాకు మూడు గంటల పైచిలుకు ప్రయాణం. విమానం దిగిన రన్‌వే మామూలు రన్‌వే కాదు. 1942లో జపాన్ సైన్యం మొదలుపెడితే అమెరికన్లు లాక్కుని పూర్తిచేసిన హెండర్సన్ ఫీల్డ్ అది. దీనికోసం హొనియారా ఉన్న ఈ గ్వాడల్‌కెనాల్ దీవి మీద ఆరు నెలలు యుద్ధం జరిగింది. ఎదురుగా కనిపించే సముద్రంలో ఎన్ని ఓడలు మునిగాయంటే దాని పేరే ఐరన్ బాటమ్ సౌండ్ అయింది. ఆ నీళ్లను చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను.

బెల్టు దగ్గరికి వెళ్తే నా బ్యాగ్ రాలేదు. రెండ్రోజులు పడుతుందన్నారు. బట్టల గురించి నాకు దిగుల్లేదు. ఆ బ్యాగ్‌లో నా కోర్టు షూస్‌తో పాటు, పిల్లల కోసం గాలి తీసి సర్దిన మూడు కొత్త ఫుట్సాల్ బంతులున్నాయి. టెన్షన్ అంతా వాటి గురించే.

మరునాడు సాయంత్రం మిత్రుడు తన పేటలోని కోర్టుకు తీసుకెళ్లాడు. కోర్టంటే పైకప్పు లేని కాంక్రీటు గచ్చు. బాస్కెట్‌బాల్ కోసం వేసింది. గీతలు సగం చెరిగిపోయాయి. గోల్‌పోస్టుల చోట నీళ్ల పైపులు వెల్డింగ్ చేసి నిలబెట్టారు. మధ్యాహ్నం వాన పడి ఒక మూల నీళ్లు నిలిచాయి. పన్నెండేళ్ల పిల్ల ఒకతి చీపురు తెచ్చి ఆ నీటిని ఊడ్చసాగింది. దగ్గరికెళ్లి చూస్తే కొబ్బరి ఈనెల చీపురు! మా అమ్మమ్మ గోదావరి ఇంట్లో వాకిలి ఊడ్చిన చీపురే. ఈనెలు కట్టిన ముడి కూడా అదే. మా అమ్మమ్మ కట్టేదని చెబితే ఆ పిల్ల నవ్వి చీపురు నా చేతికిచ్చింది. మిగతా నీళ్లు నేను ఊడ్చాను.

ఆట మొదలైంది. ఎవరికీ చెప్పుల్లేవు. రెండు గోల్స్ తిన్న జట్టు బయటికి, బయటున్న జట్టు లోపలికి. వరుసలో నాలుగు జట్లున్నాయి కాబట్టి ఓడితే అరగంట కూర్చోవాలి. అందుకే బంతిని ఊరికే పోగొట్టుకోరు. ఒక పిల్లాణ్ణి ప్రత్యేకంగా గమనించాను. బొటనవేలికి దెబ్బ తగిలి గుడ్డపీలిక చుట్టుకున్నాడు. ఆ వేలు నేలకు తగలకుండా కాలు కొంచెం పైకెత్తి, అరికాలి మధ్యభాగంతోనే బంతి లాగుతున్నాడు. ఆ బంతి పైతోలు పూర్తిగా ఊడి లోపలి నేత గుడ్డ కనపడుతోంది. కాంక్రీటు మీద దొర్లితే సర్రుమని చప్పుడు.

షూస్ లేని నన్నూ లోపలికి పిలిచారు. పది నిమిషాలకే రెండు పాదాలూ బొబ్బలెక్కాయి. ఆ గచ్చు మీద ఏళ్ల తరబడి ఆడితేనే బంతి కాలికి అలా అతుక్కుంటుందని నా కాళ్లకే తెలిసొచ్చింది.

కోర్టు అంచున ఒక పెద్దాయన కూర్చుని ఆట చూస్తున్నాడు. పేట పిల్లలకు ఆట నేర్పేది ఆయనే. అందరూ అంకుల్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఒళ్లో పచ్చి వక్కలు, సీసాలో పగడం కాల్చి చేసిన సున్నం. వక్క పంటితో చీల్చి, తమలపాకు తీగకు కాసే పొడుగాటి కాయను సున్నంలో అద్ది కొరికి, నాకూ ఒకటిచ్చాడు. ఎండు వక్క అలవాటైన నోటికి ఆ పచ్చివక్క గట్టిగానే తగిలింది. నుదుటికి చెమట పట్టింది.

వాళ్ల జాతీయ ఫుట్సాల్ జట్టు పేరు కురుకురు. బయట ప్రపంచంలో కురుకురు పేరు తెలిసినవాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఒకే స్కోరు. 2008లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో రష్యా 31, సోలమన్ దీవులు 2. ఆ టోర్నీలో బ్రెజిల్ చేతిలోనూ 21-0. నాలుగు మ్యాచ్‌ల్లో 69 గోల్స్ ఇచ్చి 6 కొట్టారు. ఆ అంకె గురించి ఎలా అడగాలా అని నేను సందేహిస్తుంటే ఆయనే ఎత్తాడు. బాధపడుతూ కాదు, కోచ్‌లా విడమర్చి.

గులకరాళ్లు పేర్చి చూపించాడు. రష్యా వాళ్లు నలుగురు తిరుగుతూనే ఉంటారు, ఒకడు ఖాళీ చేసిన చోటికి ఇంకొకడు వస్తాడు. మనవాడు బంతి వెంట పరిగెడతాడు, మనిషి వదిలేస్తాడు. ఫుట్సాల్‌లో ఎన్నిసార్లైనా మనుషుల్ని మార్చుకోవచ్చు, బంతి ఆగితే గడియారమూ ఆగుతుంది. ఇరవై నిమిషాల సగం ఆట నిజంగా నలభై నిమిషాల దాకా సాగుతుంది. వాళ్లు తాజా కాళ్లతో వస్తూనే ఉన్నారు, మన పిల్లలకు ఊపిరి అందలేదు. ఇక్కడ గచ్చు పాదాన్ని పట్టుకుంటుంది, అక్కడ చెక్కనేల జారుతుంది. బంతి ఇక్కడ ఎగురుతుంది, అక్కడ నేలకే అంటుకుని ఉంటుంది. సముద్రం మధ్యలో ఉన్నవాళ్లకు ఒక్క గట్టి మ్యాచ్ ఆడాలన్నా విమానం ఖర్చు.

"2012 చూశావా?" అనడిగాడు. థాయ్‌లాండ్ ప్రపంచ కప్. మళ్లీ అదే గ్రూపులో రష్యా. ఈసారి 16-0. అంకుల్ రెండు చేతుల వేళ్లూ విప్పి చూపించాడు: ముప్పై ఒకటి, పదహారు. నాలుగేళ్లలో సగానికి తెచ్చాం అని ఆయన లెక్క. ఆ లెక్క నాకు చాలా నచ్చింది. అదే టోర్నీలో గ్వాటెమాలాపై 4-3తో గెలిచారు. ప్రపంచ కప్‌లో వాళ్లకు అది మొట్టమొదటి గెలుపు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నోట్లో వక్క నమలడం ఆపేశాడు.

ఆ తర్వాత 2016లో కొలంబియాలో, 2021లో లిథువేనియాలో ఆడారు. వరుసగా నాలుగు ప్రపంచ కప్పులు, ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశం! లిథువేనియాలో పోర్చుగల్ చేతిలో 7-0, థాయ్‌లాండ్ చేతిలో 9-4తో ఓడారు. ఆ పోర్చుగలే ఆ ఏడాది కప్ గెలిచింది. ఏళ్ల తరబడి జట్టును నడిపిన ఎలియట్ రగోమో పేరు ఆ కోర్టులో ప్రతి పిల్లాడికీ తెలుసు. 2024 ప్రపంచ కప్‌కు మాత్రం ఈ పసిఫిక్ దేశాలకిచ్చే ఓషియానియా చోటు న్యూజిలాండ్‌కు దక్కింది. ఆ సంగతి వచ్చినప్పుడు మా మిత్రుడు మాట మార్చేశాడు. నేనూ ఇంక అడగలేదు.

ఇంటి దగ్గర అతని పిన్ని కొబ్బరిపాలలో స్లిపరీ క్యాబేజీ వండింది. పేరు క్యాబేజీ అయినా అది జిగురుగా ఉండే ఆకుకూర, బచ్చలికి దగ్గరి రుచి. అన్నంలో కలుపుకుని రెండుసార్లు వడ్డించుకున్నాను. మర్నాడు లాసన్ తామా మైదానం చూశాం. స్టాండు కట్టక్కర్లేదు, పక్కనున్న కొండవాలే స్టాండు. మ్యాచ్ రోజు జనం గడ్డి మీద కూర్చుంటారు. ఎదురుగా పెద్దాసుపత్రి, యుద్ధకాలపు అమెరికన్ ఆసుపత్రి నంబరు వల్ల ఇప్పటికీ దాన్ని నంబర్ నైన్ అంటారు. దారిలో కనిపించిన ప్రతి రెండో మనిషినీ మిత్రుడు "వాన్‌టాక్" అని పరిచయం చేశాడు. ఒకే భాష మాట్లాడేవాడు అని అర్థం. డెబ్బై దాకా భాషలున్న దేశంలో ఆ మాటకున్న బరువు, పరాయి ఊళ్లో తెలుగు వినపడగానే తిరిగి చూసే నాకు ఇట్టే తెలిసింది.

బ్యాగ్ నాలుగో రోజుకు గాని చేరలేదు. ఆ సాయంత్రమే నా చివరి సాయంత్రం. పంపుతో గాలి కొట్టి మూడు బంతులూ కోర్టుకు తీసుకెళ్లాం. అంకుల్ ఒకటి చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశాడు. తల ఎత్తు నుంచి వదిలాడు. అది మోకాలి దాకా లేచి ఆగిపోయింది. పిల్లలంతా ఒక్కసారి "ఓ..." అన్నారు. ఆయన ఒక బంతిని సంచిలో పెట్టుకుని, ఇది హాల్లో సెలక్షన్‌కు వెళ్లేవాళ్ల ప్రాక్టీసుకి అన్నాడు. మిగతా రెండూ కోర్టులోకి విసిరాడు.

వేలికి పీలిక చుట్టుకున్న పిల్లాడు ముందు దొరకబుచ్చుకున్నాడు. అరికాలితో తొక్కి వెనక్కి లాగాడు. బరువు తేడాకు బంతి కాలిని దాటిపోయింది. వెళ్లి తెచ్చుకుని మళ్లీ తొక్కాడు. మూడోసారికి ఆగింది. ఆ పన్నెండేళ్ల పిల్ల చీపురు గోడకి ఆనించి, గోల్ ముందుకొచ్చి నిలబడి, బంతి ఇవ్వమని చెయ్యెత్తింది.