బోర్డు టేపులో డియో గొంతు

ఆదివారం

చాలా కాలంగా రేపు మాపు అంటూ నెట్టుకొస్తున్న పనిని ఈ రోజు ముందేసుకున్నాను. హెవీ మెటల్ రాక్ గాయకుడు రోనీ జేమ్స్ డియో కచేరీల అనధికారిక రికార్డింగులు నా దగ్గర పోగుపడినవాటిని ఒక వరుసలో పెట్టి, ప్రేక్షకుల మధ్య నిలబడి ఎవరో తీసినవి ఏవి, రేడియోలో ప్రసారమైనవి ఏవి, నేరుగా సౌండ్‌బోర్డు నుంచి, అంటే కచేరీ మిక్సర్ నుంచి, వచ్చిన బోర్డు టేపులు ఏవి అని విడదీసుకోవాలన్నది ఆ పని. ఇంట్లో అందరికీ సెలవు రోజు కాబట్టి పెద్ద స్పీకర్ల జోలికి పోకుండా హెడ్‌ఫోన్లతోనే గడిపాను. అదే మంచిదయింది, ఎందుకంటే బోర్డు టేపును ఎంత దగ్గరగా వింటే అంతగా అందులోని సంగతులు బయటపడతాయి.

డియో 1942లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, పోర్ట్స్‌మత్‌లో, ఇటలీ మూలాలున్న కుటుంబంలో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లండ్ అనే చిన్న ఊళ్ళో పెరిగారు. చిన్నతనంలో ఆయన నేర్చుకున్నది పాట కాదు, ట్రంపెట్. ఊపిరిని అదుపులో పెట్టుకోవడం ఆ వాయిద్యమే తనకు నేర్పిందని ఆయన చెప్పేవారు. 1975లో గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌తో రెయిన్‌బో, 1979లో బ్లాక్ సబాత్, అక్కడి నుంచి 1982లో బయటికి వచ్చాక తన పేరుతోనే డియో బృందం: హెవీ మెటల్ చరిత్రలో మూడు పెద్ద బృందాలకు గొంతు ఇచ్చిన మనిషి ఆయన. 2010 మే 16న కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఆ గొంతు గురించి రాసేటప్పుడు నాకు నిష్పక్షపాతం సాధ్యం కాదు, దాని అవసరమూ కనిపించదు.

కచేరీ హాల్లో వేదికకు ఎదురుగా, జనం మధ్యలో, పెద్ద మిక్సర్ ఒకటి ఉంటుంది, అదే సౌండ్‌బోర్డు. గాయకుడి మైకు, డ్రమ్ములకు పెట్టిన మైకులు, గిటార్ యాంప్లిఫయర్ల ముందు పెట్టిన మైకులు, కీబోర్డు వైరు, అన్నీ ఒక లావుపాటి కేబుల్ గుండా వచ్చి దానిలో కలుస్తాయి. ఏది ఎంత వినపడాలో సౌండ్ ఇంజినీరు అక్కడ నిలబడి సరిచూసి హాలు స్పీకర్లకు పంపుతాడు. ఆ మిక్సర్‌కే ఒక క్యాసెట్ డెక్ తగిలించి, ఆ రాత్రి తన పని ఎలా కుదిరిందో తర్వాత విని చూసుకోవడానికి ఆయన రికార్డు చేసుకునేవాడు. ఒక్కోసారి బృందం వాళ్ళు కూడా ప్రయాణంలో వినడానికి ఒక కాపీ అడిగి తీసుకునేవారు. ఆ క్యాసెట్ సిబ్బందిలో ఒకరి నుంచి స్నేహితుడికి, అతని నుంచి మరొకరికి చేతులు మారుతూ, ఎన్నో ఏళ్ళ తర్వాత మనలాంటి వాళ్ళ దాకా వచ్చింది. అంటే బోర్డు టేపును ఎవరూ శ్రోతల కోసం చేయలేదు. నాకు దాని మీద ఇంత ఇష్టం కలగడానికి అసలు కారణం ఇదే. మనకు వినిపించాలని ఎవరూ దానికి మెరుగులు దిద్దలేదు.

మన ఊళ్ళలో పౌరాణిక నాటకం ఆడేటప్పుడు మైకు సెట్టు యాంప్లిఫయర్ నుంచి ఒక వైరు లాగి టేపురికార్డరుకు తగిలించి పద్యాలు పట్టుకున్నవారికి ఈ పద్ధతి కొత్త కాదు. మా నాన్నగారి పెట్టెలో అలాంటి క్యాసెట్లు ఉండేవి. వాటిలో హార్మోనియం ఎక్కడో దూరాన ఉన్నట్టుండేది, శ్రీకృష్ణుడి వేషం కట్టిన నటుడి రాగం మాత్రం చెవి పక్కనే వినపడేది. డియో బోర్డు టేపులు మొదటిసారి విన్నప్పుడు నాకు వింతగా తోచకపోవడానికి ఆ అలవాటే కారణమనుకుంటాను.

గొంతు అంత ముందుకు రావడానికి కారణం ఉంది. హాలు చిన్నదైతే గిటార్ యాంప్లిఫయర్లూ డ్రమ్ములూ వేదిక మీద నుంచే జనాన్ని ముంచెత్తుతాయి కాబట్టి, వాటిని ఇంజినీరు స్పీకర్లలోకి పెద్దగా పంపడు. తనంతట తాను వినపడలేనిది మనిషి గొంతు ఒక్కటే కాబట్టి మిక్సర్‌లో దానికే ఎక్కువ చోటు. హాలు పెద్దదయ్యేకొద్దీ అన్నీ స్పీకర్ల గుండానే పోవాలి కనుక బోర్డులో సమతూకం కుదురుతుంది. 1980ల నడుమ పెద్ద పెద్ద క్రీడా మందిరాల్లో పాడిన డియో, 1990లలో మెటల్‌కు ఆదరణ తగ్గాక క్లబ్బుల్లోనూ చిన్న థియేటర్లలోనూ పాడవలసి వచ్చింది. ఆ కాలపు బోర్డు టేపుల్లో గిటార్ పలచబడి, గొంతు దాదాపు ఒంటరిగా నిలబడి ఉంటుంది. వాద్యాల హోరు కావాలనుకునేవారికి ఇది లోపం, పాట కావాలనుకునేవారికి వరం. నేను రెండో వర్గం వాడిని.

ఈ రోజు ఎక్కువసేపు విన్న టేపు మీద ఉన్నది ఆంగ్లంలో బోర్డు అనే మాట, 84 అనే అంకె, అంతే. ఇలాంటి చోట పాటలే సాక్ష్యం చెప్పాలి. 1984 జులైలో వచ్చిన 'ద లాస్ట్ ఇన్ లైన్' ఆల్బమ్‌లోని పాటలను ఆయన కొత్తవని చెప్పి పాడుతున్నారు. 1985 ఆగస్టులో వచ్చిన 'సేక్రెడ్ హార్ట్'లోని పాట ఒక్కటీ లేదు. గిటార్ మీద వివియన్ కాంబెల్ అని ఆయనే పేరు చెప్పి పరిచయం చేస్తున్నారు. కాబట్టి ఆ అంకెను నమ్మవచ్చు. క్లాడ్ ష్నెల్ కీబోర్డు వైరు గుండా నేరుగా మిక్సర్‌లోకి వచ్చింది గనుక, హాల్లో గిటార్ కింద మునిగిపోయి ఉండే స్వరాలు కూడా ఇక్కడ విడివిడిగా తెలుస్తున్నాయి.

ఇక గొంతు. పెద్ద చరణానికి ముందు ముక్కుతో కాక నోటితో తీసుకునే చురుకైన ఊపిరి వినపడుతుంది, ఆ ఊపిరి ఎంత పొట్టిదో గమనిస్తే తర్వాత వచ్చే వాక్యం పొడవుకు ఆశ్చర్యం కలుగుతుంది. గట్టిగా పలకవలసిన చోట మైకును నోటికి దూరం జరుపుతారు, అప్పుడు శబ్దంలో పక్కన ఉన్న డ్రమ్ముల తాళాల మోత ఒక్క క్షణం పెరుగుతుంది. తిరిగి మెల్లగా పాడేటప్పుడు పెదవులు మైకు జాలీకి తగిలేంత దగ్గరికి వస్తారు. ఒక చోట వాక్యం చివరి మాటకు మాత్రం ఇంజినీరు ప్రతిధ్వని కలిపాడు, చేయి ఒక్క క్షణం ఆలస్యమైంది కాబోలు, మొదటి అక్షరం ఉట్టిగా పోయి రెండో అక్షరం నుంచి ప్రతిధ్వని మొదలైంది. పై స్థాయికి వెళ్ళినప్పుడు గొంతులో సన్నని గరుకు తేలుతుంది. ఆయన దాన్ని దాచరు, అరుపుగా మార్చరు, మాటకు బరువు ఇవ్వడానికి వాడుకుంటారు. అధికారికంగా విడుదలైన కచేరీ ఆల్బముల్లో ఇలాంటివి చాలావరకు సర్దుకుపోతాయి. ఈ గొంతు వెనుక ఎంత శ్రమ ఉందో నాకు తెలియజేసినవి ఈ టేపులే.

సబాత్ కాలపు 'హెవెన్ అండ్ హెల్' పాటను ఆయన వేదిక మీద మధ్యలో చాలాసేపు సాగదీసి, జనంతో పలికించి, మాటామంతీ జరిపేవారు. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక హెడ్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకుంది. కాసేపు విని, "నాన్నా, ఈయన ఎవరితో మాట్లాడుతున్నాడు? అటువైపు ఎవరూ లేరుగా!" అంది. నిజంగానే ఆయన ఒక పలుకు అడుగుతారు, ఆ వెంటనే టేపులో ఖాళీ, గొంతు మైకులోకి దూరం నుంచి చొరబడిన చిన్న రొద, తర్వాత ఆయన ఆ జవాబుకు సంతోషించి ఇంకా గట్టిగా అనమంటారు. "ఉన్నారమ్మా, వేలమంది ఉన్నారు. మైకు వాళ్ళ వైపు లేదు, అంతే" అన్నాను. "మరి ఆయనకు వినపడుతోందా?" అని అడిగి, నేను అవునన్నాక ఆ చోటును మళ్ళీ పెట్టించుకుంది.

ఈ లోటు తీర్చడానికి కొందరు బోర్డు టేపునూ, అదే రాత్రి జనంలోంచి తీసిన టేపునూ కలిపి ఒకటిగా చేస్తారు. దాన్ని మాట్రిక్స్ అంటారు. రెండు డెక్‌ల వేగాలు ఒకేలా ఉండవు కాబట్టి నిమిషానికి ఒకసారి సర్దుతూ పోవలసిన ఓపిక పని అది. చేసినవారి మీద నాకు గౌరవం ఉంది. అయినా డియో విషయంలో నాకు ఉట్టి బోర్డే కావాలి. హాలు సందడి కలిసిన మరుక్షణం ఆ ఊపిరులు వినపడవు.

గొంతు ఎంత గట్టిగా వినపడాలన్న ప్రశ్న మీద ఒక బృందమే విడిపోయిన సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1982 వేసవికి ముందు సియాటిల్, డాలస్, శాన్ ఆంటోనియో నగరాల్లో రికార్డు చేసిన బ్లాక్ సబాత్ కచేరీలను 'లైవ్ ఈవిల్' ఆల్బమ్‌గా మిక్స్ చేస్తున్నప్పుడు, డియో, డ్రమ్మర్ విన్నీ అపీస్ తమ శబ్దాన్ని చాటుగా పెంచుకుంటున్నారన్న అభియోగం వచ్చింది. వారు దాన్ని ఒప్పుకోలేదు. ఆ తగాదాతోనే ఇద్దరూ బయటికి వచ్చారు. 2023లో అసలు టేపుల నుంచి కొత్త మిక్స్ చేసి ఆ ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేశారు. నలభై ఏళ్ళ తర్వాత కూడా సర్దవలసి వచ్చిన ఆ తూకాన్ని, పర్యటనలో ఇంజినీరు ప్రతి రాత్రీ ఎవరి పక్షమూ లేకుండా, హాలు అవసరాన్ని బట్టి, అక్కడికక్కడే తేల్చేవాడు. అందుకే బోర్డు టేపు మాటకు నేను విలువ ఇస్తాను.

విడదీసే పనిలో నన్ను ఎక్కువ సేపు నిలిపినవి రేడియో రికార్డింగులు. ప్రేక్షకుల గోల తక్కువగా ఉండి శుభ్రంగా వినపడే ప్రతిదాన్నీ బోర్డు అని పిలవడం అలవాటైపోయింది. అది సరికాదు. అమెరికాలో 1973 నుంచి నడిచిన 'కింగ్ బిస్కెట్ ఫ్లవర్ అవర్' వంటి కార్యక్రమాలకు కచేరీని అనేక ట్రాకుల్లో రికార్డు చేసి, తీరికగా మిక్స్ చేసి, గ్రామఫోన్ రికార్డుల మీద స్టేషన్లకు పంపేవారు. 1983లోనూ 1987లోనూ ఇంగ్లండ్‌లోని కాసిల్ డోనింగ్టన్‌లో డియో బృందం పాడిన కచేరీలను బీబీసీ రికార్డు చేసింది. అవి రేడియోలోంచి పట్టిన టేపులుగానే చాలా ఏళ్ళు తిరిగి, ఆయన పోయిన 2010లోనే అధికారికంగా విడుదలయ్యాయి. వాటిలో జనం చక్కగా వినపడతారు, అన్నీ అందంగా అమరి ఉంటాయి. మంచి రికార్డింగులే, కానీ జాతి వేరు. వాటికి వేరే ఫోల్డరు పెట్టాను.

మధ్యాహ్నం భోజనాల తర్వాత 84 టేపు వేగం సరిచేశాను. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి, కాపీ నుంచి కాపీ తీస్తూ పోయేకొద్దీ ప్రతి డెక్ తన తప్పును దానికి కలుపుతుంది, బుసబుస శబ్దమూ పెరుగుతుంది. దీనికి ఒక చక్కని ఉపాయం ఉంది. వేదిక మీది విద్యుత్తు వల్ల వచ్చే సన్నని ఝంకారం అమెరికాలో 60 హెర్ట్జ్, ఐరోపాలో 50. పాటల నడుమ నిశ్శబ్దంలో ఆ ఝంకారాన్ని పట్టుకుని కొలిస్తే టేపు ఎంత వేగంగా పరుగెడుతోందో తెలిసిపోతుంది. నా టేపులో అది 60 కంటే కొంచెం పైన ఉంది. దాన్ని కిందికి దింపగానే డియో మాట్లాడే గొంతులో ఉండవలసిన నిండుతనం తిరిగి వచ్చింది. అంతకు ముందు పాట కంటే మాటే నాకు అనుమానం కలిగించింది. మనిషి మాట్లాడే తీరు మనసులో నాటుకుపోతే చెవి మోసపోదు.

హక్కుల సంగతి కూడా ఇక్కడ రాసుకోవాలి. గాయకుడి అనుమతి లేకుండా కచేరీని రికార్డు చేసి అమ్మడాన్ని అమెరికాలో 1994లో నేరంగా చేశారు. మన దేశంలోనూ అదే ఏడాది కాపీరైటు చట్టాన్ని సవరించి ప్రదర్శకుల హక్కును చేర్చారు. టోక్యోలోని నిషి షింజుకు దుకాణాల్లో అందమైన అట్టలతో ఇలాంటి డిస్కులు అమ్మేవారు. అమ్మకం నాకు మొదటి నుంచీ మింగుడు పడదు. ఆ సొమ్ములో పైసా పాడినవారికి చేరదు. ఖాళీ క్యాసెట్టూ తపాలా ఖర్చూ పంపితే కాపీ తీసి పంపే పాత ఆనవాయితీ వేరు, అందులో లాభం లేదు, అయినా అనుమతీ లేదన్నది వాస్తవం. అందుకే అధికారిక విడుదల వచ్చిన ప్రతిదాన్నీ డబ్బు పెట్టి కొంటాను. 1986 జూన్‌లో ఫిలడెల్ఫియాలో జరిగిన డియో కచేరీ అలాగే వచ్చింది. డియో భార్య వెండీ డియో, ఆయన వారసత్వాన్ని చూస్తున్న మిగతావారు ఈ బోర్డు టేపులను కూడా, మెరుగులేమీ దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా బయటికి తెస్తే కొనేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

సాయంత్రం 84 టేపు పని పూర్తయింది. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపుకు నలభై అయిదు నిమిషాలే పడతాయి కాబట్టి, రెండో వైపుకు తిప్పినప్పుడు డ్రమ్ముల తనియావర్తనంలో కొంత భాగం పోయింది. జనంలోంచి తీసిన మరో టేపు ముక్కతో ఆ సందును అతికి పెట్టవచ్చు. నేను అతకలేదు. ఎన్ని సెకన్ల దగ్గర తెగిందో వివరాల్లో రాసి, వేగం ఎంత సర్దానో కూడా రాసి, సర్దని ప్రతిని పక్కనే భద్రపరిచాను. వచ్చే వారం 1986 నాటి బోర్డు టేపు తీయాలి. అప్పటికి గిటార్ మీద క్రెయిగ్ గోల్డీ వచ్చారు, వేదిక మీద పెద్ద యంత్రపు డ్రాగన్ ఉండేది, ఆయన దానితో కత్తి దూసి పోరాడేవారు. ఆ పోరాటం తర్వాత వచ్చే పాటకు ఆయన దగ్గర ఎంత ఊపిరి మిగిలి ఉందో, ఫిలడెల్ఫియా ఆల్బమ్‌ను పక్కన పెట్టుకుని వినాలి.