ముందు చక్రం విరిగిన రోజు

"మామా, నాకేం కాలేదు. అమ్మకి నువ్వే మెల్లిగా చెప్పు." ఫోన్లో, పైలట్ శిక్షణలో ఉన్న మా అక్క కూతురు అన్న మొదటి మాట ఇది.

ఒంటరిగా నడిపే సోలో ఫ్లైట్‌లో సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానాన్ని దించుతుంటే అది రన్‌వేకి తగిలి పైకి ఎగిరిందట. కంగారులో పిల్ల విమానం ముక్కు కిందికి వంచింది. ఈసారి ముందు చక్రమే నేలకు కొట్టుకుని విరిగింది, ప్రొపెల్లర్ కొసలు వంకరపోయాయి. అలా ఎగిరినప్పుడు ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ గాల్లోకి లేవాలి. తనకి తెలియనిది కాదు, ఆ క్షణంలో చెయ్యి మాట వినలేదు.

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే పాట: "ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకు?" నాకు ఒళ్లు మండింది. విమాన ప్రమాదాల మీద ఏఏఐబీ అనే ప్రభుత్వ సంస్థ చేసే దర్యాప్తు కూడా మళ్లీ అలా జరక్కుండా చూడటానికే గానీ, తప్పు ఎవరి నెత్తినో రుద్దడానికి కాదు. ఆ ఇంగితం మనకెందుకు ఉండదు?

భయం నాకూ ఉంది. 2022 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ దగ్గర ఇలాంటి విమానమే కూలి, శిక్షణలో ఉన్న అమ్మాయి చనిపోయింది. అక్క ఆ వార్త మర్చిపోలేదు. రేణిగుంటలో దిగే విమానం శబ్దం వినిపిస్తే చాలు, చేతిలో పని ఆపేస్తుంది.

కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఎగరాలి. పిల్ల ఇంకా సగం కూడా దాటలేదు. ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని మళ్లీ ల్యాండింగులు మొదలుపెడుతుందట. మిగిలిన ఫీజు నేను చూసుకుంటానని అక్కకి చెప్పేశాను.