ట్యాంక్ బురదలో దిగబడాలి

సోవియట్ ట్యాంక్ టీ-34కి 1/35 స్కేల్ (అసలు సైజులో 35వ వంతు) మోడల్ కిట్ తెరవగానే అందరూ టరెట్ (ఫిరంగి ఉండే పై భాగం) వైపు చూస్తారు. నా కళ్లు మాత్రం ట్రాక్ మీదే, అంటే చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టీ మీదే. ఈ ట్యాంక్‌కి ట్రాక్‌ని పైన మోసే రోలర్లు లేవు. పక్కకి ఐదేసి పెద్ద చక్రాలు, ట్రాక్ పై భాగం వాటి మీదే వాలి ఉంటుంది. అది బిగుసుకుని కనిపిస్తే ఎంత మంచి పెయింటింగైనా దండగే. విడి లింకుల ట్రాక్ అయితే వరుసగా పేర్చి, పల్చటి జిగురు పూసి, ఇంకా వంగుతుండగానే చక్రాల చుట్టూ చుట్టాలి. ఫెండర్ (ట్రాక్ మీది మడ్‌గార్డ్) కింద దూది కుక్కి ఆరనిస్తే ఆ వాలు నిలుస్తుంది.

1944 వసంతంలో ఉక్రెయిన్ బురద చూపాలంటే జల్లించిన మట్టి, ఫెవికాల్, గోధుమరంగు యాక్రిలిక్, కాస్త ప్లాస్టర్ కలిపితే చాలు. మందంగా ఒకేసారి వేస్తే పగుళ్లొస్తాయి, పల్చటి పొరలే మేలు. థర్మాకోల్ బేస్ మీద ప్లాస్టిక్ సిమెంట్ (మోడల్ అతికించే జిగురు), సూపర్ గ్లూ పడనివ్వకండి, కరిగిపోతుంది.

పై పొర పచ్చిగా ఉండగానే ట్యాంక్‌ని నొక్కి దించాలి. ఆరిన నేల మీద పెడితే తేలుతున్నట్టే ఉంటుంది. అసలు ట్రాక్ వెడల్పు 50 సెంటీమీటర్లు, అంటే మన స్కేల్‌లో 14 మిల్లీమీటర్లకు కొంచెం పైన. ట్యాంక్ వెనక నేల మీద గాడులు అదే వెడల్పులో, మిగిలిన లింకులతో అచ్చు వేయండి. గాడి అడుగున మాత్రమే గ్లాసీ (మెరిసే) వార్నిష్, గట్లు మాట్‌గానే (మెరుపు లేకుండా) వదిలేయాలి.

ఎనామెల్ వాష్‌కి (థిన్నర్‌తో పల్చన చేసి పూసే ఎనామెల్ రంగుకి) ముందు వార్నిష్ తప్పనిసరి. లేకపోతే థిన్నర్ కీళ్లలోకి దిగి చక్రాల ఇరుసులు పెళుసెక్కి విరుగుతాయి.