బొబ్బిలి మట్టికోటకు నేల నియమాలు: ఆరో వారం పని

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని బల్ల మీద ఆడుకోవడానికి నేను చేస్తున్న కోట నమూనా, నాలుగు గోడలతోనూ నాలుగు మూలబురుజులతోనూ పోయిన ఆదివారానికి నిలబడింది. విజయనగరంలోని మా ఇంటి హాలులో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల బల్ల పరిచి, 1:72 కొలతలోని (అసలు మనిషి ఎత్తులో 72వ భాగం ఉండే) ప్లాస్టిక్ సైనికులను దాని మీద దింపాము. బొబ్బిలి నుంచి వచ్చిన మా బావగారు ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజుల పక్షాన, నేను బొబ్బిలి రాజు రంగారావు పక్షాన కూర్చున్నాము. ఇద్దరమూ ఒక్కోసారి ఆడితే ఒక వంతు. ఆట నాలుగో వంతుకు వచ్చేసరికి కాసేపు ఆగిపోయింది. ఆయన దళంలోని ఒక బేస్, అంటే సైనికులను గుంపుగా నిలిపిన చిన్న పలక, సగం తుప్పల్లోనూ సగం బయటా ఉంది. "ఇది లోపల ఉన్నట్టా, బయట ఉన్నట్టా, ముందు అది తేల్చండి బావా" అని ఆయన అడిగితే, నా దగ్గర రాసిపెట్టుకున్న జవాబు లేదు. అందుకే ఈ వారం రంగుల పని పక్కనపెట్టి నియమాలు రాశాను.

నేల మీద ఉన్న ప్రతి వస్తువూ నాలుగు ప్రశ్నలకు ఆటకు ముందే జవాబు చెప్పాలని నిర్ణయించుకున్నాను. అందులోకి ఎవరు వెళ్లగలరు, ఎంత వేగంతో వెళ్లగలరు, దాని అవతలికి చూపు ఆనుతుందా, అది తుపాకీ గుండు నుంచి కాపాడుతుందా అన్నవే ఆ ప్రశ్నలు. కోట చుట్టూ ఉన్న ముళ్ల తుప్పల కోసం గోధుమరంగు దళసరి గుడ్డను వంకర అంచులతో కత్తిరించి బల్ల మీద పరిచాను. ఇప్పుడు తుప్పల హద్దు ఆ గుడ్డ అంచే. పైన నిలిపిన మొక్కలు గుర్తులు మాత్రమే కాబట్టి, దళాలు నడిచేటప్పుడు వాటిని పక్కకు జరపవచ్చు. బేస్‌లో ఏ కొంచెం గుడ్డ మీదికి వచ్చినా నడక 6 అంగుళాల నుంచి 3 అంగుళాలకు తగ్గుతుంది. రక్షణ దొరకాలంటే మాత్రం సగానికి పైగా లోపల ఉండాలి. చూపు 2 అంగుళాల లోతు వరకే. మా కొలతలో ఒక అంగుళం 10 గజాలు కాబట్టి, దట్టమైన ముళ్ల తుప్పల్లో 20 గజాలకు మించి మనిషి కనపడడన్న లెక్కతో ఆ అంకె పెట్టాను. నున్న గొట్టం తుపాకీకి పెట్టిన 10 అంగుళాల దూరం కూడా ఇదే కొలతలో 100 గజాలు.

తుప్పలకు పాత గోనెసంచి నార వాడాను. నారను అర అంగుళం ముక్కలుగా కత్తిరించి, కుదురు పట్టుకొని ఫెవికాల్‌లో ముంచి నిలబెడితే ఎండుగడ్డిలాగే పైకి విచ్చుకుంటుంది. నేలకు రంపపు పొట్టు చల్లాను. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి నుంచి బావగారు ఒక డబ్బా పనసపొట్టు తెచ్చారు. పనస చెక్క సహజంగా పసుపుపచ్చగా ఉంటుంది కాబట్టి మాఘమాసపు బీడు రంగు, ఏమీ కలపకుండానే సరిగ్గా కుదిరింది.

గోడ ఎత్తు దగ్గర కొలతలు రెండూ పోట్లాడుకున్నాయి. 20 అడుగుల గోడ అనుకుంటే బొమ్మల కొలతలో అది 8.5 సెంటీమీటర్లు కావాలి, నేల కొలతలో 1.7 సెంటీమీటర్లు చాలు. మొదటిది బల్లను మింగేస్తుంది, రెండోది సైనికుడి భుజం దాటదు. మధ్యస్తంగా 5 సెంటీమీటర్లు పెట్టి, ఎత్తును కొలిచి వాదించకూడదని, గోడ మీదివాడికి తుప్పల తొలి 2 అంగుళాలూ కనబడతాయని, గోడ అడుగున ఆనుకొన్న శత్రువు మాత్రం అతనికి కనబడడని రాశాను. గోడ పైభాగం 25 మిల్లీమీటర్లు ఉంచాను కాబట్టి, ముగ్గురేసి సైనికులున్న 40 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మిల్లీమీటర్ల లోతు బేస్ అక్కడ కదలకుండా నిలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది ఫిరంగులు గోడకు కొట్టే గండి. చాలా నియమావళుల్లో గోడకు కొన్ని పాయింట్లు ఇస్తారు, ఫిరంగి దెబ్బలకు అవి అయిపోగానే గోడ కూలి దారి తెరుచుకుంటుంది. 1713లో పునాది పడిన మా విజయనగరం కోటలాంటి రాతికట్టడానికి ఆ పద్ధతి కొంతవరకు ఒప్పుతుంది. బొబ్బిలిది మట్టికోట. పిసికి పొరలుగా వేసిన మట్టి ఫిరంగి గుండును తనలో దిగబెట్టుకుంటుంది కానీ రాయిలా పగిలి రాలదు. ఆ రోజు ఫిరంగులు బురుజుల పిట్టగోడలను పడగొట్టినా, నిచ్చెనలతో ఎక్కినవాళ్లు వెంటనే లోపలికి దిగలేకపోయారు. అందువల్ల ఒక్కో వైపు 20 అంగుళాలున్న గోడను 5 అంగుళాల చొప్పున నాలుగు భాగాలు చేసి, భాగానికి 6 పాయింట్లు ఇచ్చాను. మొదటి 3 పోతే పిట్టగోడ పోయినట్టు, అంటే పైనున్నవారికి తుపాకీ నుంచి రక్షణ ఉండదు. ఆరూ పోయినా దారి తెరుచుకోదు, అక్కడ ఏటవాలు మట్టిదిబ్బ మాత్రమే ఏర్పడుతుంది. దాని మీదికి నిచ్చెన లేకుండా ఎక్కవచ్చు, కానీ సగం నడకతో, ఒక్కొక్క బేస్ చొప్పునే. పైన ఉన్నవాడి పాచికకు అప్పటికీ 1 కలుస్తుంది, చెక్కుచెదరని గోడ మీదైతే 2 కలుస్తుంది.

పాత నియమంతో ఆడినప్పుడు కోట నాలుగో వంతులో పడిపోయింది. కొత్త నియమంతో బుధవారం ఆడితే బావగారు తొమ్మిదో వంతులో గానీ లోపల అడుగు పెట్టలేకపోయారు, అదీ నాలుగు బురుజుల మీదా ఒకేసారి దాడి చేసిన తర్వాత. నాకు ఇది చరిత్రకు దగ్గరగా అనిపించింది. నిచ్చెన మోసే బేస్‌కు నడక 4 అంగుళాలు, నిచ్చెనకు ఒక్క బేస్. అంతకుమించి అక్కడ రాయనక్కరలేకపోయింది.

ఈశాన్య బురుజును రెండోసారి చేయవలసి వచ్చింది. థర్మోకోల్ మీద నేరుగా స్ప్రే రంగు కొట్టాను, అందులోని ద్రావకానికి బురుజు పైభాగం తేనెపట్టులా గుంటలు పడి కుంగిపోయింది. మిగిలిన మూడింటికి ముందుగా ఫెవికాల్‌లో కలిపిన జల్లెడమట్టి రెండు పూతలు పూసి, ఒక రోజంతా ఆరనిచ్చి, బ్రష్‌తో యాక్రిలిక్ రంగు వేశాను. గోడల మీద ఎర్రమట్టి గరుకుదనం కూడా దానివల్లే వచ్చింది.

ఆట ఎక్కడ ముగియాలన్నది మేమిద్దరం మాట్లాడుకొని తేల్చాము. కోటలోపల ఆ రోజు స్త్రీలకు, పిల్లలకు జరిగినది పాచికలతో తేల్చే సంగతి కాదు. దాడి చేసేవారి బేస్‌లు మూడు లోపలి నేలను తాకినా, పన్నెండు వంతులు పూర్తయినా ఆట ఆగిపోతుంది, కోట లోపల నివాసాల బొమ్మలేవీ పెట్టము.

ఇక ద్వారం మిగిలింది. తలుపును గోడలో ఒక భాగంగా లెక్కించాలా, లేక లోపలివాళ్లు తెరిచి బయటికి దూకి దాడి చేసే వీలు ఇవ్వాలా అన్నది వచ్చే ఆదివారం రెండు పద్ధతుల్లోనూ ఆడి చూస్తాము. తలుపు రెక్కలకు ఐస్‌క్రీం పుల్లలు కత్తిరించి ఉంచాను, మేకుల గుబ్బలకు ఆవాలు అతికిస్తున్నాను.